బండెక్కే ముందు ఫోను సంగతి

పాఠకుల ప్రశ్నలు – మా జవాబులు

ప్రయాణాల్లో ఫోను, డబ్బు, ఆధార్ ఎలా కాపాడుకోవాలని శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి వచ్చిన ఉత్తరాల్లో కొన్నింటికి ఈసారి జవాబులిస్తున్నాం. చాలా ఉత్తరాల్లో భయం ఒకచోట ఉంటే ప్రమాదం ఇంకోచోట ఉంది. స్టేషన్లో చార్జింగ్ పెడితే ఫోను హ్యాక్ అవుతుందా అని అడిగినవాళ్లు ఉన్నారు గానీ, సిమ్ముకి పిన్ పెట్టుకోవడం ఎలా అని ఒక్కరూ అడగలేదు. కాబట్టి ముందు సిమ్ము సంగతి.

ప్ర: మా తమ్ముడు సికింద్రాబాద్ నుంచి విశాఖ ఎక్స్‌ప్రెస్‌లో వస్తుంటే తెల్లవారుజామున తుని దాటాక ఫోను పోయింది. శ్రీకాకుళం రోడ్డులో దిగి, ఇంటికొచ్చి, కాసేపు పడుకుని మధ్యాహ్నం సిమ్ బ్లాక్ చేయించాడు. ఈలోగా ఖాతాలోంచి 38 వేలు పోయాయి. ఫోనుకి వేలిముద్ర లాక్ ఉంది. యూపీఐ పిన్ ఎవరికీ చెప్పలేదు. మరి డబ్బెలా తీశారు? – పాఠకుడు, ఆమదాలవలస

జ: దొంగకి ఆ ఫోను తెరవాల్సిన పనే లేదు. పక్కనున్న ట్రేలోంచి సిమ్ము లాగి తన ఫోనులో వేసుకుంటే మీ తమ్ముడి నంబరు వాడిదైపోయినట్టే. కొత్త ఫోనులో యూపీఐ యాప్ పెట్టినప్పుడు అది సిమ్ము నుంచి ఒక మెసేజ్ పంపి నంబరు సరిచూసుకుంటుంది. సిమ్ము వాడి దగ్గరే ఉంది కనుక ఆ గండం దాటేస్తాడు. ఇక మిగిలింది పిన్. ‘పిన్ మర్చిపోయాను’ అని నొక్కితే డెబిట్ కార్డు చివరి 6 అంకెలు, కార్డు గడువు తేదీ, ఓటీపీ అడుగుతుంది. లేదా ఆధార్ మొదటి 6 అంకెలు, ఓటీపీ. ఓటీపీలు ఆ సిమ్ముకే వస్తాయి. కార్డు, ఆధార్ ఎక్కడివంటారా? మనవాళ్లలో చాలామంది ఫోను పౌచ్ వెనక పెట్టుకుని తిరిగేవి సరిగ్గా అవే. మీ తమ్ముడి పౌచ్‌లో ఏముండేదో ఒకసారి అడగండి.

దీనికి మందు సిమ్ పిన్. ఇది ఫోను లాక్ కాదు, సిమ్ము మీదే ఉండే తాళం. సిమ్ముని ఏ ఫోనులో వేసినా ముందు ఆ నాలుగంకెలు కొట్టాలి. ఆండ్రాయిడ్‌లో సెట్టింగ్స్‌కి వెళ్లి పైనున్న వెతికే గడిలో ‘సిమ్ లాక్’ అని కొడితే దొరుకుతుంది. ఐఫోన్‌లో సెట్టింగ్స్, సెల్యులర్, సిమ్ పిన్. ఆన్ చేయగానే పాత పిన్ అడుగుతుంది. ఇక్కడే జనం బోల్తా పడేది. కంపెనీవాళ్లు ముందే పెట్టిన పిన్ ఒకటి ఉంటుంది, సాధారణంగా 0000 గానీ 1234 గానీ. అందాజుగా కొట్టొద్దు. మూడుసార్లు తప్పితే సిమ్ము బిగుసుకుపోయి పీయూకే అనే 8 అంకెల నంబరు అడుగుతుంది. అదీ పదిసార్లు తప్పితే సిమ్ము చచ్చినట్టే, కొత్తది కొనుక్కోవాలి. అందుకని ముందు కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసి మొదటి పిన్ ఎంతో, పీయూకే ఎంతో కనుక్కుని ఇంట్లో డైరీలో రాసుకోండి. ఆ తర్వాతే పిన్ మార్చండి. పుట్టిన సంవత్సరం పెట్టొద్దు, అది ఆధార్ మీదే ఉంటుంది. ఫోను ఆపి వెలిగించిన ప్రతిసారీ ఈ పిన్ కొట్టాలి. కొంచెం విసుగే, అయినా మేం సలహా ఇచ్చేవాటిలో మొదటిది ఇదే.

ఇక ఫోను పోతే ఇంటికి చేరేదాకా ఆగకూడదు. పక్క సీటాయన ఫోను అడిగి తీసుకుని మొదట సిమ్ కంపెనీకి చేసి నంబరు ఆపించాలి. రెండో ఫోను బ్యాంకుకి: యూపీఐ, కార్డు, నెట్ బ్యాంకింగ్ మూడూ ఆపమనాలి. ఒక్క కార్డు ఆపితే యూపీఐ ఆగదు, ఆ సంగతి చాలామందికి తెలీదు. మూడోది ఫోనుకి దూరం నుంచి తాళం. గూగుల్ ఖాతాతో, పోయిన ఫోనుని వెతికే ‘ఫైండ్’ పేజీలోకి వెళ్దామంటే కొత్త ఫోనులో లాగిన్ అవుతున్నారని ఓటీపీ పంపుతుంది, అదేమో పోయిన ఫోనుకే పోతుంది. అందుకే గూగుల్ ఖాతా సెక్యూరిటీ పేజీలో ‘బ్యాకప్ కోడ్స్’ అని 10 కోడ్లు ఇస్తుంది, అవి కాగితం మీద రాసి పర్సులో కాకుండా బ్యాగులో పెట్టుకోవాలి. ఆండ్రాయిడ్ 10, ఆ పైన ఉన్న ఫోన్లకి ఇంకో దారి ఉంది. సెట్టింగ్స్‌లో ‘థెఫ్ట్ ప్రొటెక్షన్’ కింద ‘రిమోట్ లాక్’ ముందే ఆన్ చేసి ఉంటే, ఆండ్రాయిడ్ డాట్ కామ్ స్లాష్ లాక్ అనే పేజీలో ఫోను నంబరు కొడితే చాలు, పాస్‌వర్డ్ అక్కర్లేదు. అయితే ఆ క్షణానికి ఫోను నెట్‌లో ఉండాలి.

ఫిర్యాదు కోసం మధ్యలో దిగక్కర్లేదు. టీటీఈ దగ్గర ఎఫ్ఐఆర్ ఫారం ఉంటుంది, రైల్వే హెల్ప్‌లైన్ 139కీ చెప్పొచ్చు. ఆ ఫిర్యాదు నకలుతో, ఐఎంఈఐ అనే ఫోను గుర్తింపు నంబరుతో టెలికాం శాఖవాళ్ల సంచార్ సాథీ వెబ్‌సైటులో, పోయిన ఫోన్లని ఆపించే సీఈఐఆర్ విభాగంలో ఫోనుని దేశమంతటా పనిచేయకుండా ఆపించొచ్చు. ఐఎంఈఐ కోసం ఫోను ఉన్నప్పుడే *#06# కొట్టి, రెండు నంబర్లూ రాసి పెట్టుకోండి. ఫోను కొన్న బిల్లు మీదా ఉంటాయి. సీఈఐఆర్ మీ నంబరుకి ఓటీపీ పంపుతుంది కాబట్టి డూప్లికేట్ సిమ్ము వచ్చాకే ఈ పని అవుతుంది. ఆ కొత్త సిమ్ముకి మొదటి 24 గంటలు మెసేజ్‌లు రావు, పోవు. టెలికాం శాఖ కావాలనే పెట్టిన నిబంధన అది, సిమ్ము పాడైందనుకుని మళ్లీ మార్చకండి. డబ్బు పోయిందని తెలిస్తే మాత్రం ఈ వరుసలో వేటికీ ఆగకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి చేయాలి.

ప్ర: విజయనగరం జంక్షన్లో, బండిలో చార్జింగ్ పెడితే ఫోనులోని సమాచారం లాగేస్తారట. నిజమేనా? – డిగ్రీ విద్యార్థిని, బొబ్బిలి

జ: జరగడానికి వీలున్నదే, రిజర్వ్ బ్యాంకు కూడా తన హెచ్చరికల పుస్తకంలో రాసింది. కానీ దాని గురించి జరుగుతున్న ప్రచారం ఎక్కువ. రైలు పెట్టెల్లో ఉండేది చాలావరకు మామూలు ప్లగ్గు. అందులో మీ సొంత అడాప్టర్ పెట్టి చార్జింగ్ చేస్తే వచ్చేది కరెంటు మాత్రమే, సమాచారం పోయే దారి లేదు. అనుమానించాల్సింది గోడకో సీటుకో నేరుగా ఉండే యూఎస్‌బీ రంధ్రాన్ని, ఎవరో వదిలేసిన కేబుల్‌ని. యూఎస్‌బీ తీగలో కరెంటు తీగలతోపాటు సమాచారం నడిచే తీగలూ ఉంటాయి మరి. అలాంటిచోట తప్పనిసరై పెడితే ఫోను లాక్ చేసి పెట్టండి. తెర మీద ‘ఫైల్ ట్రాన్స్‌ఫర్’ అనో, ‘ఈ కంప్యూటర్‌ని నమ్మాలా’ అనో అడిగితే వద్దని నొక్కి కేబుల్ పీకేయండి. ఉత్త చార్జింగ్‌కి అలాంటి ప్రశ్న రానే రాదు.

పవర్ బ్యాంక్ ఉంటే ఈ గొడవే లేదు. విమానం ఎక్కేవాళ్లు దాన్ని చేతిసంచిలోనే పెట్టుకోవాలి, 100 వాట్-అవర్ దాటకూడదు. అంటే సుమారు 27,000 ఎంఏహెచ్. మామూలుగా దొరికే 10,000, 20,000వి అందులోపే.

తలుపు దగ్గర ప్లగ్గులో ఫోను పెట్టి బెర్తు మీద పడుకుంటే హ్యాకర్ అక్కర్లేదు. తర్వాతి స్టేషన్లో దిగేవాడు చాలు.

ప్ర: స్టేషన్లో ఉచిత వైఫై వాడి బ్యాంకు పని చేసుకోవచ్చా? – ఉపాధ్యాయుడు, విజయనగరం

జ: రైల్‌టెల్ వాళ్ల రైల్‌వైర్ వైఫై మీ మొబైల్ నంబరు, దానికొచ్చే ఓటీపీ మాత్రమే అడుగుతుంది. మొదటి 30 నిమిషాలు ఉచితం. ఆ పేజీ మీ జీమెయిల్ పాస్‌వర్డ్ అడిగినా, ఉచిత సమయంలోనే రూపాయి కట్టి కార్డు సరిచూసుకోమన్నా, ఏదైనా యాప్ వేసుకోమన్నా అది అసలుది కాదు. అదే పేరుతో ఎవరైనా తన ఫోనులో హాట్‌స్పాట్ పెట్టగలడు. వైఫై పేరుకి కాపలా ఎవరూ ఉండరు.

బ్యాంకు యాప్‌కీ బ్యాంకుకీ మధ్య నడిచేది గుప్తలిపిలోనే నడుస్తుంది, మధ్యలో కూర్చున్నవాడికి మీ పిన్ కనపడదు. అయితే ‘ఈ కనెక్షన్ సురక్షితం కాదు’ అని బ్రౌజర్ హెచ్చరించినా ‘పర్వాలేదు, ముందుకెళ్లు’ అని నొక్కేవాళ్లకి ఆ రక్షణ ఉండదు. డబ్బు పనికి వైఫై ఆపి మొబైల్ డేటా వాడండి, ఐదు నిమిషాల పనికి ఎంత డేటా ఖర్చవుతుంది కనుక? స్టేషన్ దాటాక ఆ వైఫైని ‘ఫర్గెట్’ చేయండి. లేకపోతే ఆ పేరు ఎక్కడ కనపడినా ఫోను తనంతట తానే అతుక్కుంటుంది. మీ నెట్ రాకపోకలన్నీ తమ గుండా నడిపించే ఉచిత వీపీఎన్ యాప్‌లు మాత్రం వద్దు. తెలియని వైఫైవాడికి భయపడి, తెలియని వీపీఎన్‌వాడి చేతిలో అంతా పోసినట్టవుతుంది.

ప్ర: హైదరాబాద్ బస్సు టికెట్ రద్దయింది, డబ్బు రాలేదు. గూగుల్‌లో ట్రావెల్స్ కస్టమర్ కేర్ నంబరు వెతికి చేస్తే చాలా మర్యాదగా మాట్లాడాడు. ఏదో యాప్ వేసుకోమన్నాడు. అనుమానం వచ్చి పెట్టేశాను. నేను చేసింది సరైనదేనా? – జీడిపప్పు వ్యాపారి, పలాస

జ: సరైనదే. ఇది ఇప్పుడు ప్రయాణికుల మీద నడుస్తున్న మోసాల్లో మేం ఎక్కువగా చూస్తున్నది, కాబట్టి కాస్త వివరంగా చెప్తాం.

వెతికితే పైన కనిపించే నంబరు కంపెనీదే అన్న హామీ లేదు. డబ్బు కట్టి ప్రకటనగా పెట్టించొచ్చు. మ్యాప్‌లో దుకాణం వివరాల్లో ‘నంబరు మార్చమని సూచించు’ అనే సౌకర్యం ఎవరికైనా ఉంటుంది. ఫలానా ట్రావెల్స్ హెల్ప్‌లైన్ అని ఒక పేజీ తయారుచేయడానికి పూట పట్టదు. అటువైపు వాడు ముందు టికెట్ నంబరు, పేరు అడిగి నమ్మకం కుదుర్చుకుంటాడు. తర్వాత మూడు దారుల్లో ఒకటి. మొదటిది, ఎనీడెస్క్ లాంటి యాప్ వేయించి తెర చూపించమంటాడు. ఆ యాప్ స్వతహాగా దొంగది కాదు, కంప్యూటర్ మరమ్మతులకి వాడేదే. కానీ తెర పంచుకున్నాక మీకొచ్చే ఓటీపీలు మీతోపాటు వాడూ చదువుతాడు. రెండోది, ఫారం పంపి ‘రిఫండ్‌కి ముందు ఒక్క రూపాయి కట్టండి’ అంటాడు. కట్టేది రూపాయే, కానీ కార్డు వివరాలు వాడి దగ్గరికి చేరాయి. మూడోది, యూపీఐలో ‘రిఫండ్ కోసం పిన్ కొట్టండి’ అంటాడు. పిన్ కొట్టేది డబ్బు పోవడానికే. రావడానికి పిన్ అవసరం ఏనాడూ లేదు.

ఇందులో తెలుసుకోవాల్సిన అసలు సంగతి: టికెట్ రిఫండ్ ఏ ఖాతా నుంచి కట్టారో ఆ ఖాతాకే తిరిగి వస్తుంది, దానికి మీ పిన్‌తో, కొత్త వివరాలతో పనిలేదు. రైల్వేవాళ్లే బండి పూర్తిగా రద్దుచేస్తే ఈ-టికెట్ డబ్బు ఏమీ చేయకుండానే వెనక్కి వస్తుంది. ఐఆర్‌సీటీసీకి ఫోన్ చేయాల్సి వస్తే 14646, ప్రయాణంలో ఏ సాయానికైనా 139. బస్సు కంపెనీలైతే టికెట్ మీద అచ్చయిన నంబరు, లేదా మీరు టికెట్ కొన్న యాప్‌లోపలి ‘హెల్ప్’ మాత్రమే.

ఇంకో అలవాటు మానుకోవాలి. రిఫండ్ రాలేదని కోపంలో టికెట్ ఫోటో తీసి ఎక్స్‌లోనో ఫేస్‌బుక్‌లోనో పీఎన్ఆర్, ఫోన్ నంబరుతో సహా పెట్టేస్తున్నారు. అలాంటి పోస్టుల కోసమే కాచుకుని కూర్చునేవాళ్లున్నారు. అరగంటలో ‘కంపెనీ నుంచి’ ఫోన్ వస్తుంది, అన్ని వివరాలూ వాడే చదువుతాడు, మనమేమో నమ్మేస్తాం.

ప్ర: మా గుంటడు గుజరాత్ వేరావల్‌లో బోటు మీద పని చేస్తాడు. మొన్న ఎవరో ఫోన్ చేసి ‘మీ అబ్బాయికి దెబ్బ తగిలింది, ఆస్పత్రిలో 40 వేలు కట్టాలి’ అన్నాడు. వెనక ఏడుపు వినపడింది, అచ్చం వాడి గొంతే. వాడికి చేస్తే కలవలేదు. పక్కింటివాళ్లు ఆపబట్టి సరిపోయింది. మర్నాడు వాడే చేశాడు, వేటలో ఉన్నానని. ఆ గొంతు ఎలా వచ్చింది? – గృహిణి, కవిటి మండలం

జ: చిన్న ముక్క మాట రికార్డు ఉంటే గొంతుని అనుకరించే సాఫ్ట్‌వేర్లు ఇప్పుడున్నాయి. ఇన్‌స్టాలో పెట్టిన ఒక రీలు చాలు. నిజానికి అంత కూడా అక్కర్లేదు తల్లీ. ఏడుపు గొంతు, గోలలో వినపడే ‘అమ్మా’ ఎవరిదైనా ఒకలాగే ఉంటుంది, మిగతాది మన కంగారు పూరిస్తుంది.

సముద్రంలోకి వెళ్లాక రోజుల తరబడి సిగ్నల్ ఉండదు, కాబట్టి అబ్బాయి ఫోను కలవకపోవడం మామూలే. అది వాళ్లకి కలిసొస్తుంది. అందుకే వెళ్లే ముందే మూడు నంబర్లు రాయించుకుని గోడ క్యాలెండర్ మీద పెట్టుకోండి: బోటు యజమానిది, అదే ఊళ్లో వేరే బోటు మీద పనిచేసే మన ఊరివాడిది, అక్కడి రేవులో ఉండే మేస్త్రీది. ఇంటి మనుషులకే తెలిసిన ఒక ప్రశ్న పెట్టుకోండి. చనిపోయిన ఆవు పేరో, పాత ఇంటి గుమ్మం ఎటువైపో. పుట్టినరోజు, ఇంటిపేరు లాంటివి వద్దు, అవి బయటవాళ్లకి దొరుకుతాయి. ఏ ఆస్పత్రి పేరు చెప్పాడో అడిగి, ఫోను పెట్టేసి, బోటు యజమాని ద్వారా ఆ ఆస్పత్రికి మనిషిని పంపించండి. ‘ఫోను పెట్టొద్దు, ఎవరికీ చెప్పొద్దు’ అన్నాడంటే ఇక ఆలోచించాల్సిందే లేదు. పోలీసునని, సీబీఐ అని వీడియో కాల్‌లో ‘డిజిటల్ అరెస్టు’ చేశాననే వాడిదీ ఇదే వరస. మన చట్టంలో అలాంటి అరెస్టు లేదు.

ఆ నంబరుని సంచార్ సాథీలోని ‘చక్షు’లో నమోదు చేయించండి. డబ్బు పోకపోయినా ఫిర్యాదు తీసుకునేది అక్కడ.

ప్ర: కొరియర్ కుర్రాడినని చెప్పి, ‘మీరు ఊళ్లో లేరు కదా, *401* కొట్టి ఈ నంబరు కలపండి, పార్సిల్ పక్కింట్లో ఇస్తా’ అన్నాడు. కొట్టాను. పార్సిల్ రాలేదు. – చీపురుపల్లి

జ: మీ ఫోనుకొచ్చే కాల్స్ అన్నీ వాడి నంబరుకి మళ్లాయి. కాల్ ద్వారా చెప్పే ఓటీపీలు కూడా వాడికే వెళ్తాయి, దాంతో మీ వాట్సాప్‌ని తన ఫోనులో తెరుచుకుంటాడు. ఇప్పుడే ##002# కొట్టండి, మళ్లింపులన్నీ రద్దవుతాయి. తర్వాత డయలర్ సెట్టింగ్స్‌లో ‘కాల్ ఫార్వర్డింగ్’ తెరిచి నాలుగు వరుసలూ ఆఫ్‌లో ఉన్నాయో లేదో కళ్లతో చూడండి. తేడా ఉంటే కస్టమర్ కేర్‌కి చెప్పి తీయించండి. ఇలా కోడ్‌తో మళ్లించడాన్ని 2024 ఏప్రిల్ 15 నుంచి ఆపేయమని టెలికాం శాఖ కంపెనీలని ఆదేశించింది. అయినా సెట్టింగ్స్‌లోకి వెళ్లి మీ చేతనే చేయించే దారి ఉంది కాబట్టి, కథ మార్చుకుని మళ్లీ వస్తారు. వాట్సాప్‌లో ‘టూ స్టెప్ వెరిఫికేషన్’ పెట్టి ఆరంకెల పిన్ వేసుకోండి. అప్పుడు ఓటీపీ దొరికినా లోపలికి రాలేరు.

ప్ర: లాడ్జీల్లో ఆధార్ జిరాక్స్ తీసుకుంటున్నారు. ఇవ్వకపోతే గది ఇవ్వరు. ఏం చేయాలి? – రాజాం

జ: మాస్క్డ్ ఆధార్ ఇవ్వండి. మైఆధార్ వెబ్‌సైటులో డౌన్‌లోడ్ చేసేటప్పుడు ఆ పేరున్న గడిలో టిక్కు పెడితే మొదటి 8 అంకెలు కనపడకుండా, చివరి 4 మాత్రం కనపడే ప్రతి వస్తుంది. పీడీఎఫ్ తెరవడానికి పాస్‌వర్డ్: ఇంగ్లీషులో పేరులోని మొదటి 4 అక్షరాలు క్యాపిటల్స్‌లో, వెంటనే పుట్టిన సంవత్సరం. ఓటరు కార్డో, డ్రైవింగ్ లైసెన్సో ఇచ్చినా సరిపోతుంది. జిరాక్స్ మీద లాడ్జి పేరు, తేదీ అడ్డంగా రాసి సంతకం పెడితే దాన్ని ఇంకోచోట వాడటం కష్టం.

ఆధార్ నంబరుతో వేలిముద్రని కలిపి బ్యాంకు ఖాతాలోంచి డబ్బు తీసే మోసాలూ జరిగాయి. కస్టమర్ సర్వీస్ పాయింట్లలో వేలు పెట్టి డబ్బు తీసుకునే పద్ధతినే దొంగలు వాడుకున్నారు. దీనికి ఓటీపీ అడగదు, అదే చిక్కు. ఆధార్ అధికారిక యాప్‌లోగానీ వెబ్‌సైటులోగానీ ‘బయోమెట్రిక్ లాక్’ పెడితే ఆ దారి మూసుకుపోతుంది. అయితే దీనికో ఇబ్బంది ఉంది: రేషన్ దగ్గర కూడా మీ వేలు పడదు. అప్పుడు యాప్‌లో తాత్కాలికంగా తెరిస్తే 10 నిమిషాలు తెరుచుకుని మళ్లీ తనే మూసుకుంటుంది. ఇంట్లో ఒక్కరి వేలుతోనే రేషన్ తెచ్చుకుంటుంటే వాళ్లది వదిలి మిగతావాళ్లవి లాక్ చేయండి. ఆధార్‌కి జతైన నంబరు పనిచేస్తూ ఉండాలి, లేకపోతే తెరవడానికి మళ్లీ ఆధార్ కేంద్రానికి తిరగాలి.

ప్ర: నెట్ సెంటర్‌లో టికెట్ ప్రింటు తీయడానికి వాట్సాప్ తెరిచాం. భయపడాలా? – శ్రీకాకుళం

జ: లాగవుట్ చేశారా లేదా అన్నదే ప్రశ్న. మీ ఫోనులో వాట్సాప్, మూడు చుక్కలు, ‘లింక్డ్ డివైసెస్’. అక్కడ కనిపించే కంప్యూటర్ పేరు మీద నొక్కి లాగవుట్ చేయండి. ఎక్కడున్నా ఫోను నుంచే చేయొచ్చు, మళ్లీ ఆ సెంటర్‌కి వెళ్లక్కర్లేదు. ఆ కంప్యూటర్ డౌన్‌లోడ్స్‌లో టికెట్, ఆధార్ మిగిలిపోయి ఉంటాయి, అవి మాత్రం అక్కడే చెరిపించాలి. అసలు టికెట్ ప్రింటు అక్కర్లేదు, మెసేజ్, ఒరిజినల్ గుర్తింపు కార్డు చాలు.

ప్ర: కేదార్‌నాథ్ హెలికాప్టర్, తిరుమల గదులు ఇప్పిస్తామని ఫేస్‌బుక్‌లో పేజీలున్నాయి. నమ్మొచ్చా? – విశ్రాంత ఉద్యోగి, విజయనగరం

జ: నమ్మొద్దు. కేదార్‌నాథ్ హెలికాప్టర్ టికెట్లు హెలియాత్ర డాట్ ఐఆర్‌సీటీసీ డాట్ సీఓ డాట్ ఇన్‌లోనే, తిరుమలవి టీటీదేవస్థానమ్స్ డాట్ ఏపీ డాట్ గవ్ డాట్ ఇన్‌లోనే. చిరునామాని కుడి నుంచి ఎడమకి చదవడం అలవాటు చేసుకోండి. చివర ‘గవ్ డాట్ ఇన్’ ఉంటే ప్రభుత్వానిది. ‘గవ్’ అనే మాట మధ్యలో ఎక్కడో ఉండి చివర ‘డాట్ కామ్’, ‘డాట్ ఎక్స్‌వైజెడ్’ ఉంటే కాదు. గది బుక్ చేసి డబ్బు ఒక వ్యక్తి పేరు మీద యూపీఐకి పంపమంటే అక్కడే ఆగండి.

ప్ర: రథసప్తమికి అరసవల్లి వెళ్తే పార్కింగ్ దగ్గర క్యూఆర్ అతికించి ఉంది. కట్టొచ్చా?

జ: స్కాన్ చేశాక, పిన్ కొట్టే ముందు తెర మీద పేరొస్తుంది. అది చదవండి. పాత స్టిక్కర్ మీద కొత్త స్టిక్కర్ అంచు చేతికి తగిలితే చిల్లర ఇవ్వండి.

ప్ర: బస్సులో ఉండగా స్నేహితుడి నంబరు నుంచి ‘పెళ్లి పత్రిక’ అని ఒక ఏపీకే ఫైలొచ్చింది. నొక్కాను, వేసుకోమంటే వేసుకున్నాను. ఏమీ కనపడలేదు. – నరసన్నపేట

జ: కనపడకపోవడమే దాని పని. పెళ్లి పత్రిక ఫోటోగానో పీడీఎఫ్‌గానో వస్తుంది, యాప్‌లా రాదు. చలానా పేరుతో, పీఎం కిసాన్ పేరుతో వచ్చేవీ ఇలాంటివే. ఇది మీ మెసేజ్‌లు చదివి ఓటీపీలని బయటికి పంపుతుంది, మీ పరిచయస్తులందరికీ అదే పత్రిక పంపుతుంది. మీ స్నేహితుడికీ అలాగే జరిగి ఉంటుంది, ఆయనకి ఫోన్ చేసి చెప్పండి.

ముందు ఫోనుని ఫ్లైట్ మోడ్‌లో పెట్టి వైఫై కూడా ఆపండి. వేరే ఫోను నుంచి బ్యాంకుకి చేసి యూపీఐ, నెట్ బ్యాంకింగ్ ఆపించండి. ఆ తర్వాత సెట్టింగ్స్‌లో యాప్‌ల జాబితా తెరిచి ఆ రోజు వేసినది వెతకండి. పేరు లేకుండానో, గుర్తు తెల్లగానో ఉండొచ్చు. ‘అన్‌ఇన్‌స్టాల్’ పనిచేయకపోతే అది అడ్మిన్ హక్కులు తీసుకుందని అర్థం. సెట్టింగ్స్‌లో ‘డివైస్ అడ్మిన్ యాప్స్’, ‘యాక్సెసిబిలిటీ’ రెండుచోట్లా దాన్ని ఆఫ్ చేసి మళ్లీ ప్రయత్నించండి. మెసేజ్‌లకి డిఫాల్ట్ యాప్ ఏదో కూడా చూడండి. అయినా పోకపోతే ఫొటోలు కాపీ చేసుకుని ఫోనుని ఫ్యాక్టరీ రీసెట్ చేయడమే. రీసెట్ అయ్యాక యాప్‌లు బ్యాకప్ నుంచి కాకుండా ప్లేస్టోర్ నుంచి కొత్తగా వేసుకోండి. పాస్‌వర్డులు ఆ ఫోనులో మార్చొద్దు, వేరే ఫోనులో మార్చండి. చివరగా ‘ఇన్‌స్టాల్ అన్‌నోన్ యాప్స్’లో వాట్సాప్‌కి, క్రోమ్‌కి ఉన్న అనుమతి తీసేయండి. ఇది ముందే తీసేసి ఉంటే ఆ ఫైలు నొక్కినా ఎక్కేది కాదు.

ప్ర: థాయ్‌లాండ్‌లో డేటా ఎంట్రీ ఉద్యోగం, నెలకి లక్ష అంటున్నారు. టూరిస్టు వీసా మీద వెళ్లి అక్కడ మార్చుకోవచ్చట. ఏజెంటు లక్షన్నర అడుగుతున్నాడు. – నిరుద్యోగి, టెక్కలి

జ: వెళ్లకండి. బ్యాంకాక్‌లో దింపి, మే సోట్ దగ్గర సరిహద్దు దాటించి మయన్మార్‌లోని మ్యావడీకి తరలించడం, పాస్‌పోర్టు లాక్కుని మన దేశంవాళ్లకే ఫోన్లు చేసి మోసం చేయించడం చాలామందికి జరిగింది. కాంబోడియాకి ఇలాగే మనుషుల్ని పంపిన ఏజెంట్లని 2024 మే నెలలో విశాఖపట్నం పోలీసులు అరెస్టు చేశారు. పైన కవిటి తల్లికి వచ్చినలాంటి మోసపు ఫోన్లు అలాంటి గదుల్లోంచి కూడా రావొచ్చు.

విదేశీ ఉద్యోగానికి ఏజెంటు విదేశాంగ శాఖవాళ్ల ఈమైగ్రేట్ వెబ్‌సైటులో నమోదై ఉండాలి, లైసెన్సు నంబరు అడిగి అక్కడే సరిచూసుకోండి. నమోదైన ఏజెంటు మీ దగ్గర తీసుకోగలిగే సేవారుసుము గరిష్ఠంగా రూ. 30,000, దాని మీద 18 శాతం జీఎస్టీ. లక్షన్నర అడిగాడంటే ఆ లెక్కలోనే తేలిపోయింది. పనికి టూరిస్టు వీసా చెల్లదు. కంపెనీ పేరు చెప్పకుండా టైపింగ్ స్పీడు, ఇంగ్లీషు మాత్రమే చూసి తీసుకుంటామన్నా అనుమానించాల్సిందే.

ప్ర: ఊరెళ్తూ ఫొటోలు పెట్టొచ్చా? – ఎస్.కోట

జ: తిరిగొచ్చాక పెట్టండి. బోర్డింగ్ పాస్, టికెట్ మాత్రం ఎప్పుడూ వద్దు, బార్‌కోడ్‌లో వివరాలుంటాయి.

ప్ర: 1930కి చేస్తే డబ్బు వస్తుందా? బ్యాంకువాళ్లు ‘మీరే పిన్ కొట్టారు, మేమేం చేయలేం’ అంటున్నారు. – సోంపేట

జ: రావొచ్చు, రాకపోవచ్చు. ఎంత త్వరగా చేశారన్నదాని మీదే అంతా. 1930కి చేసిన వెంటనే ఆ లావాదేవీ వివరాలు డబ్బు చేరిన బ్యాంకుకి వెళ్తాయి. సొమ్ము ఇంకా ఆ ఖాతాలో ఉంటే అక్కడే బిగించేస్తారు. దొంగలు ఒక ఖాతాలోంచి ఇంకోదానికి, అక్కడి నుంచి ఏటీఎంకి నిమిషాల్లో తిప్పేస్తారు కాబట్టి రాత్రి పోతే పొద్దున చేద్దామనుకోకూడదు. ఫోన్ చేసేటప్పుడు దగ్గర ఉంచుకోవాల్సినవి: మీ ఖాతా నంబరు, పోయిన మొత్తం, సమయం, యూపీఐ అయితే 12 అంకెల లావాదేవీ నంబరు. ఫోన్ చేశాక సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో ఫిర్యాదు పూర్తిచేయాలి, స్క్రీన్‌షాట్లు అందులో పెట్టాలి.

బ్యాంకు మాటకొస్తే 2017 జులైలో రిజర్వ్ బ్యాంకు ఇచ్చిన ఉత్తర్వు ఉంది. తప్పు మీదీ బ్యాంకుదీ కాకుండా మధ్యలో ఎక్కడో జరిగి, మీరు 3 పనిదినాల్లోపు చెప్తే మీకు నష్టం సున్నా. 4 నుంచి 7 పనిదినాల మధ్య చెప్తే మామూలు సేవింగ్స్ ఖాతాకి మీ వంతు గరిష్ఠంగా రూ. 10,000. మీరే పిన్ చెప్పడమో కొట్టడమో జరిగితే మాత్రం బ్యాంకుకి చెప్పే క్షణం వరకు పోయినది మీ నష్టమే, చెప్పిన తర్వాత పోయినది బ్యాంకుది. అందుకే నోటిమాటతో వదలకుండా ఫిర్యాదు నంబరు, సమయం రాయించుకోవాలి. తప్పు మీదేనని రుజువు చేయాల్సిన భారం బ్యాంకుదే అని ఆ ఉత్తర్వులోనే ఉంది. రాతపూర్వకంగా ఇచ్చి 30 రోజులు గడిచినా జవాబు లేకపోతే, లేదా జవాబు నచ్చకపోతే, సీఎంఎస్ డాట్ ఆర్‌బీఐ డాట్ ఓఆర్‌జీ డాట్ ఇన్‌లో బ్యాంకుల మీద ఫిర్యాదులు విచారించే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కి పెట్టుకోవచ్చు. రుసుము లేదు, లాయరు అక్కర్లేదు. 14448కి ఫోన్ చేస్తే ఫిర్యాదు ఎలా పెట్టాలో చెప్తారు.